వసంతంలో చిన్నపిల్లలతో ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి తగ్గి పగలు పొడుగవ్వడం మొదలయ్యిందంటే చాలు, చిన్నపిల్లలున్న ఇళ్ళలో అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. నిన్నటిదాకా బాగానే పడుకున్న పిల్ల ఇవాళ ఎందుకు పడుకోవట్లేదు, ఆ ముక్కు కారడం ఏంటి, తిండి ఎందుకు తగ్గింది, ఇలాంటివి. పుట్టిన బిడ్డ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల గురించి ఎక్కువగా అడిగేవన్నీ ఒకచోట పెట్టాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఒక్కటి మాత్రం ముందే చెప్తాను, ఈ రోజుల్లో పిల్లలు చేసే మారాంలో సగం మొండితనం కాదు, మారిన వెలుతురుకీ వేడికీ వాళ్ళ ఒళ్ళు ఇంకా అలవాటు పడుతోంది అంతే.

## చలి పోతూ ఎండ వస్తున్నప్పుడు

పొద్దున చలి, మధ్యాహ్నం ఉక్క, పిల్లకి ఏం బట్టలు వెయ్యాలో తెలీట్లేదు

లావు స్వెట్టర్ ఒకటి వేసే బదులు పల్చటివి రెండు మూడు ఒకదాని మీద ఒకటి వెయ్యండి, లోపల కాటన్, పైన జిప్పో గుండీలో ఉన్నది. తల మీంచి లాగాల్సినవి వద్దు, ఆట మధ్యలో ఉన్న పిల్లకి తల మీంచి చొక్కా లాగితే ఏడుపు ఖాయం. చేతులు పట్టుకుని చూసి "అయ్యో చల్లగా ఉంది" అనుకోకండి, చిన్నపిల్లల చేతులు కాళ్ళు మామూలుగానే కాస్త చల్లగా ఉంటాయి. మెడ వెనక కాలర్ లోపలికి రెండు వేళ్ళు పెట్టి చూడండి, పొడిగా వెచ్చగా ఉంటే సరిపోయినట్టే, జిగటగా తడిగా తగిలితే ఒకటి తీసెయ్యండి. కార్ సీట్ బెల్టు కింద మాత్రం లావు జాకెట్ ఎప్పుడూ ఉంచకూడదు, బెల్టు బిగిసినట్టే కనిపిస్తుంది గానీ లోపల వదులుగా ఉంటుంది.

రాత్రంతా దుప్పటి తన్నేస్తున్నాడు, లేచి లేచి కప్పుతూ ఉండాలా?

ఏడాది లోపు పిల్లాడైతే అసలు వదులు దుప్పటే వద్దు, దిండు కూడా వద్దు, వెల్లకిలా పడుకోబెట్టి వాతావరణాన్ని బట్టి పల్చటి స్లీపింగ్ బ్యాగ్, అంటే ఒంటికి తొడిగే సంచి లాంటి బట్ట, వేస్తే చాలు. అంతకన్నా పెద్దవాడు తన్నేస్తున్నాడంటే ఉక్కగా ఉందని చెప్తున్నట్టే, వదిలెయ్యండి, తెల్లవారుజామున చల్లబడినప్పుడు ఒకసారి కప్పితే సరిపోతుంది.

సాయంత్రం ఎంతసేపటికీ చీకటి పడట్లేదు, "ఇంకా పగలే కదా" అని పడుకోవట్లేదు

పిల్ల చెప్పేది ఒకరకంగా నిజమే. నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ చీకటి పడితేనే పెరుగుతుంది, కళ్ళలో వెలుతురు పడుతున్నంతసేపూ అది తగ్గే ఉంటుంది, చిన్నపిల్లల మీద ఈ ప్రభావం పెద్దవాళ్ళ కన్నా ఎక్కువ. అందుకని చీకటి మనమే తెచ్చుకోవాలి. పడుకునే టైమ్‌కి గంట ముందే కర్టెన్లు వేసేసి, పెద్ద లైట్లు ఆపేసి, టీవీ ఫోన్లు పక్కన పెట్టేసి, ఒక చిన్న దీపం వెలుతుర్లో స్నానం, బట్టలు, కథ, పక్క, రోజూ ఇదే వరస. కర్టెన్ పల్చగా ఉంటే వెనక ముదురు రంగు దుప్పటి కట్టినా పర్లేదు. "సూర్యుడు పడుకున్నాక మనం పడుకుందాం" అని చలికాలంలో అలవాటు చేసుంటే ఇప్పుడు దాన్ని మార్చాలి, గోడ మీద గడియారం చూపించి "చిన్న ముల్లు ఇక్కడికొస్తే నిద్ర" అని చెప్పండి, మూడేళ్ళ పిల్లలకి ఇది బాగానే ఎక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఒకటి రెండేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి, అంటే పొద్దు పొడుగైందని రాత్రి గంట పోగొట్టుకుంటే అది మర్నాటి ఏడుపులో కనిపిస్తుంది.

వసంతంలో అందరి గడియారాలూ గంట ముందుకి జరిపే దేశంలో ఉంటున్నాం, పిల్లాడి నిద్ర పాడవకుండా ఎలా?

జరిపే రోజుకి నాలుగు రోజుల ముందు నుంచి రోజూ పావుగంట చొప్పున నిద్ర, లేవడం, భోజనం అన్నీ ఇంకాస్త పెందలాడే అయ్యేలా జరపండి. ఒక్క నిద్రే జరిపి భోజనం పాత టైమ్‌కే పెడితే పని జరగదు. లేవగానే వెలుతుర్లోకి తీసుకెళ్ళండి. ముందు నుంచి కుదరకపోయినా కంగారేం లేదు, వారంలో చాలామంది పిల్లలు సర్దుకుంటారు.

తెల్లారి ఐదింటికే లేచి కూర్చుంటోంది, ఇంకాసేపు పడుకోబెట్టేదెలా?

ముందు గదిలోకి తెల్లవారు వెలుతురు ఎక్కడ్నుంచి వస్తోందో చూసి ఆ సందు మూసెయ్యండి. తర్వాత లేచిన వెంటనే ఏం దొరుకుతోందో ఆలోచించండి, ఐదింటికి లేస్తే ఫోన్ దొరుకుతుందంటే ఏ పిల్లైనా ఐదింటికే లేస్తుంది. గొంతు తగ్గించి "ఇంకా రాత్రే" అని చెప్పి లైట్ వెయ్యకుండా పక్కనే ఉండండి. రాత్రి ఆలస్యంగా పడుకోబెడితే పొద్దున ఆలస్యంగా లేస్తుందనుకుంటాం కానీ చిన్నపిల్లల్లో చాలాసార్లు అది తిరగబడుతుంది, బాగా అలిసిపోయి పడుకున్న పిల్ల ఇంకా ముందే లేస్తుంది.

బూట్లు ఏవీ పట్టట్లేదు, కొంచెం పెద్ద సైజు కొంటే ఏడాది వస్తాయి కదా?

వద్దండి, మరీ పెద్దవి వేస్తే తట్టుకుని పడతారు. పిల్లల్ని నిలబెట్టి చూడాలి, పొడుగు వేలు ముందు పెద్దవాళ్ళ బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉంటే చాలు. రెండు మూడు నెలలకోసారి చూస్తూ ఉండండి. సాయంత్రం పూట కొలిస్తే మంచిది, పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఇంట్లో అయితే వట్టి కాళ్ళతో తిరగనివ్వండి.

## పూలు, పుప్పొడి, మట్టి

ముక్కు కారుతూనే ఉంది, ఇది జలుబా ఎలర్జీనా?

జలుబైతే మొదట్లో ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు, చీమిడి చిక్కబడి రంగు మారుతుంది, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఎలర్జీకి జ్వరం ఉండదు, నీళ్ళలాంటి చీమిడి వారాల తరబడి అలాగే కారుతుంది, తుమ్ములు ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి, అన్నిటికన్నా ముఖ్యం దురద. అరచేత్తో ముక్కుని కింద నుంచి పైకి తోస్తూ రుద్దుతున్నాడా చూడండి, అలా రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా ఒక సన్నటి గీత కూడా పడుతుంది కొంతమంది పిల్లలకి. కళ్ళు నలుపుకోవడం, కళ్ళ కింద నల్లగా అవ్వడం కూడా ఎలర్జీలో మామూలే. పుప్పొడి ఎలర్జీ రావాలంటే ఒకటి రెండు సీజన్లైనా ఆ పుప్పొడి తగలాలి కాబట్టి రెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది తక్కువ, నెలల బిడ్డకి ముక్కు కారితే మాత్రం చాలావరకు జలుబే.

పుప్పొడి ఎలర్జీ అని డాక్టర్ తేల్చారు, ఇక బయటికి పంపకూడదా?

పంపాలి, ఇంట్లో కట్టేస్తే పిల్ల రెండు రకాలుగా నష్టపోతుంది. చెయ్యాల్సిందేంటంటే ఒంటి మీదా జుట్టులో పుప్పొడి ఇంట్లోకి రాకుండా చూడ్డం, బయట నుంచి రాగానే బట్టలు మార్చి మొహం కడిగి, రాత్రి పడుకునే ముందు తలస్నానం చేయించండి, లేకపోతే జుట్టులో ఉన్నదంతా దిండుకి అంటి రాత్రంతా పీల్చుకుంటుంది. పక్క బట్టలు, తువ్వాళ్ళు ఈ రోజుల్లో బయట ఆరెయ్యకండి. పొడిగాలి బాగా వీచే పూట కిటికీలు మూసి, మంచి వాన పడి వెలిశాక బయటికి తీసుకెళ్తే కాస్త తేలిగ్గా ఉంటుంది. ఏటా వచ్చేదే అయితే సీజన్ మొదలవ్వక ముందే మందు మొదలుపెట్టాలా అని డాక్టర్‌ని అడగండి, చాలామందికి అదే బాగా పనిచేస్తుంది. పాత రకం మగత తెప్పించే ఎలర్జీ సిరప్‌లు మాత్రం "నిద్ర కూడా పడుతుందిలే" అని సొంతంగా పొయ్యకండి, చిన్నపిల్లలకి ప్రమాదం. ఛాతీలో పిల్లికూతలు వినిపించినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

కళ్ళు ఎర్రగా అయ్యాయి, బడికి పంపొచ్చా?

రెండు కళ్ళూ దురదగా ఉండి నీళ్ళు మాత్రమే కారుతుంటే ఎలర్జీ అయ్యుండొచ్చు, అది అంటుకోదు. పుసులు పట్టి పొద్దున రెప్పలు అతుక్కుపోతుంటే అది అంటుకునే రకం కావచ్చు, తువ్వాలు వేరు పెట్టి డాక్టర్‌కి చూపించండి. నొప్పి అన్నా, వెలుతురు చూడలేకపోతున్నా అదే రోజు చూపించాలి.

ఒంటి మీద నీటి పొక్కులు వచ్చాయి, ఆటలమ్మేనా? ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచాలి?

ఆటలమ్మ చలికాలం చివర్నుంచి వసంతంలో ఎక్కువ. చిన్న ఎర్ర చుక్కలుగా మొదలై నీటి పొక్కులవుతాయి, తర్వాత చెక్కు కడతాయి, మూడు రకాలూ ఒకేసారి ఒంటి మీద కనిపిస్తే దాదాపు అదే. తగిలిన 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది, పొక్కులు రాకముందు ఒకటి రెండు రోజుల నుంచే అంటుకుంటుంది, ఆఖరి పొక్కు చెక్కు కట్టేదాకా ఇంట్లోనే ఉంచాలి. గోళ్ళు కత్తిరించండి, గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించొచ్చు, గట్టిగా తుడవకుండా అద్దండి. జ్వరానికి ఆస్పిరిన్ అస్సలు వెయ్యకూడదు, పిల్లల్లో రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు, ఐబుప్రోఫెన్ కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు. ఇంట్లో గర్భిణి గానీ పసిబిడ్డ గానీ ఉంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. పొక్కుల చుట్టూ ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, పిల్ల మగతగా ఉన్నా, ఊపిరి కష్టంగా ఉన్నా ఆస్పత్రికే. దీనికి టీకా ఉంది, ఏడాది దాటాక మొదటి డోసు వేస్తారు.

రోజుకి ఎంతసేపు బయట ఆడించాలి?

ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మూడేళ్ళు దాటితే అందులో గంటైనా పరుగులు గెంతులు ఉండాలి. అదంతా ఒకేసారి బయటే అవ్వక్కర్లేదు, పొద్దున కాసేపు సాయంత్రం కాసేపు చాలు. బయట వెలుతుర్లో ఎక్కువసేపు గడిపే పిల్లల్లో దూరం చూపు తగ్గే సమస్య తక్కువని కూడా తేలింది, అందుకని ఆటకి ఒళ్ళు బాలేని రోజున కూడా బయట కూర్చోబెట్టడానికి నేను ఓటేస్తాను.

మట్టిలో ఆడుతూ నోట్లో పెట్టేసుకుంది, ఏమైనా అవుతుందా?

ఒకసారి చిటికెడు మింగితే సాధారణంగా ఏమీ అవ్వదు, నోరు కడిగేస్తే చాలు. కుక్కలు పిల్లులు మలవిసర్జన చేసే చోటు, పురుగుమందు కొట్టిన చోటు మాత్రం కాకూడదు, ఇసుక తొట్టి ఉంటే ఆడాక మూత వెయ్యండి. ఆట అయ్యాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి, గోళ్ళ కింద కూడా. రోజూ పని కట్టుకుని మట్టి తింటోందంటే అది వేరే విషయం, ఐరన్ తక్కువైతే అలా చేస్తారు, రక్త పరీక్ష చేయించాలి.

పిల్లలతో మొక్కలు వేయిద్దామనుకుంటున్నాం, దేంతో మొదలుపెట్టాలి?

చిక్కుడు గింజ, పొద్దుతిరుగుడు గింజ లాంటి పెద్దవి ఇవ్వండి, రెండేళ్ళ పిల్ల వేళ్ళకి కూడా దొరుకుతాయి. గింజ పడుకునేంత లోతు, ఒక వేలి కణుపు, అంతే. చిక్కుడు వారం పది రోజుల్లో పైకొస్తుంది, కానీ పిల్లలకి వారం అంటే చాలా ఎక్కువ, అందుకని ఇంకో గింజ గాజు గ్లాసు గోడకీ తడి గుడ్డకీ మధ్య పెట్టండి, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. ముందు గింజ ఉబ్బి తొక్క ముడతలు పడుతుంది, తర్వాత తెల్లటి వేరు కిందికి దిగుతుంది, గింజని ఎలా తిప్పి పెట్టినా వేరు కిందికే తిరుగుతుంది. కుండీలోదైతే మట్టి పైపొర ముందు కొద్దిగా పగులుతుంది, ఆ పగులులోంచి కాడ కొక్కెంలా వంగి పైకొచ్చి, తల ఆఖర్న బయటికి లాక్కుంటుంది. ఆ రోజు పిల్ల దగ్గర కూర్చోండి, మిగతా పనులు ఆగుతాయి. నీళ్ళు పొయ్యడానికి మూతకి చిల్లులు పెట్టిన చిన్న సీసా ఇవ్వండి, చెంబు ఇస్తే గింజ తేలిపోతుంది. గన్నేరు లాంటి విషపు మొక్కలు మాత్రం పిల్లలకి అందే చోట ఉంచకండి, దాని ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే.

తేనెటీగ కుట్టింది, ఏం చెయ్యాలి?

ముల్లు కనిపిస్తే ఎంత తొందరగా తీస్తే అంత మంచిది, గోరుతో గీకి తీసెయ్యండి, ఆలస్యమయ్యేకొద్దీ విషం ఎక్కువ ఎక్కుతుంది. సబ్బు నీళ్ళతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు నాలుక వాయడం, గొంతు మారడం, వాంతులు, కళ్ళు తేలెయ్యడం, వీటిలో ఏది కనిపించినా అంబులెన్స్ పిలవాలి. నోటి లోపల కుడితే లక్షణాల కోసం చూడకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

దోమల మందు పసిపిల్లలకి రాయొచ్చా?

రెండు నెలల లోపు ఏదీ వద్దు, దోమతెర ఒక్కటే. డీట్ అనే దోమల్ని తరిమే రసాయనం ఉన్నవి రెండు నెలలు దాటాక లేబుల్ మీద ఉన్నట్టు, బట్ట కప్పని చోట మాత్రమే రాయాలి, అరచేతులకీ కళ్ళ దగ్గరా నోటి దగ్గరా వద్దు. లెమన్ యూకలిప్టస్ ఆయిల్ అని రాసున్నవి మూడేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదు. దోమ గుడ్డు నుంచి పెద్దదవ్వడానికి దాదాపు వారం పది రోజులు పడుతుంది కాబట్టి కుండీల కింద పళ్ళేలు, పాత బొమ్మల్లో నీళ్ళు వారానికోసారి పారబోస్తే చాలావరకు తగ్గుతాయి.

ఎండలు మొదలయ్యాక సరిగ్గా తినట్లేదు, ఏం పెట్టాలి?

ఏడాది దాటాక ఎదుగుదల వేగం తగ్గుతుంది, దానికి తోడు వేడి, ఆకలి తగ్గడం మామూలే. రోజుకి అర లీటర్ మించి పాలు తాగుతున్నా, మధ్యమధ్యలో ఏదో ఒకటి కొరుకుతూ ఉన్నా భోజనం టైమ్‌కి కడుపులో చోటుండదు. చల్లబడిన పూట, పొద్దున్నే గానీ చీకటి పడ్డాక గానీ, మంచి భోజనం పెట్టండి, మధ్యాహ్నం తక్కువ తింటే వదిలెయ్యండి. వెంటపడి తినిపించడం వద్దు, ఎంత పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాడిష్టం. హుషారుగా ఆడుతూ, మూత్రం మామూలుగా పోస్తుంటే భయం లేదు, బరువు తగ్గుతుంటే చూపించండి. ఏడాది లోపు బిడ్డకి తేనె నాకించకండి, బాటులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఆట స్థలం నుంచి ఇంటికి రమ్మంటే పెద్ద గొడవ

"ఇంకా ఐదు నిమిషాలు" అన్నది చిన్నపిల్లకి అర్థం లేని మాట, నిమిషం అంటే తెలీదు తనకి. "ఇంకో మూడుసార్లు జారి వెళ్దాం" అనండి, ఎన్నైందో తననే లెక్కపెట్టమనండి. లెక్క అయ్యాక మాట మార్చకూడదు, ఈసారికి ఒకటి ఎక్కువ అన్నారంటే రేపు పది అడుగుతుంది. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో కూడా చెప్పండి, వెళ్ళిపోవడం కాదు వేరేచోటికి వెళ్తున్నాం అన్నట్టు, కాళ్ళు కడుక్కుందాం, మొక్కకి నీళ్ళు పోద్దాం. అయినా ఏడుస్తుంది కొన్నిరోజులు, ఎత్తుకుని వచ్చెయ్యండి, ఏడవడం తప్పు కాదు, ఇష్టమైనది వదిలి రావడం పెద్దవాళ్ళకే కష్టం. బాగా అలిసిపోక ముందే బయల్దేరితే సగం గొడవ తగ్గుతుంది.

ఒకడు ఆగడు, ఇంకొకతి నడవదు, ఇద్దర్నీ ఒక్కదాన్నే బయటికి తీసుకెళ్ళేదెలా?

చిన్నదాన్ని ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ. పెద్దాడికి హద్దు మాటల్లో కాదు, కళ్ళకి కనిపించేలా చూపించండి, "ఆ చెట్టు దాకా పరిగెత్తి అక్కడ ఆగు". ఇంటి దగ్గర్లోనే రెండు మూడుసార్లు ఆడించాక రోడ్డు దగ్గరికి తీసుకెళ్ళండి. చుట్టూ కంచె ఉండి ఒకటే గేటున్న చోటు వెతుక్కోండి, దూరమైనా అదే నయం. సంచి ముందు రోజు రాత్రే సర్దిపెట్టుకోండి, నీళ్ళు, ఒక జత బట్టలు, తడి తుడుపులు, ఇంతే. చిన్నదానికి పాలు పట్టే టైమ్‌లో పెద్దాడు జారుబండ ఎక్కుతానంటే పక్కనే కూర్చోబెట్టుకోండి, ఆ కాసేపు వాడికి ఒక పని ఇవ్వండి, ఎర్ర పూలెన్ని పసుపు పూలెన్ని లెక్కపెట్టమనండి.

## ఎండలు ముదిరే ముందు

గాలి చల్లగానే ఉందిగా, సన్‌స్క్రీన్ అవసరమా?

చర్మాన్ని కాల్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు, చల్లగాలి ఉన్నా అవి వస్తూనే ఉంటాయి. ఆరు నెలలు దాటాక ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా పైన ఉన్నది, బయటికెళ్ళే 15 నిమిషాల ముందు రాసి రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. ఆరు నెలల లోపు నీడ, టోపీ, పొడుగు చేతుల పల్చటి బట్టలు.

ఎన్ని నెలలకి నీళ్ళు పట్టాలి?

ఆరు నెలల లోపు ఎండలున్నా నీళ్ళు వద్దు, పాలే ఇంకొన్నిసార్లు పట్టండి. ఆ తర్వాత తిండితో పాటు గుక్కెడు గుక్కెడుగా. పెద్ద పిల్లలు ఆటలో పడి దాహం మర్చిపోతారు, ఆటకి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి మీరే ఇవ్వండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే తక్కువ తాగినట్టు.

కార్లో నిద్రపోయింది, రెండు నిమిషాల్లో వచ్చేస్తాగా, వదిలి వెళ్ళొచ్చా?

వద్దు. బయట హాయిగా ఉన్న రోజు కూడా మూసిన కార్ లోపల పది నిమిషాల్లో దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. చిన్నపిల్ల ఒళ్ళు పెద్దవాళ్ళ కన్నా చాలా తొందరగా వేడెక్కుతుంది. నిద్ర పాడైనా సరే ఎత్తుకునే వెళ్ళండి.

కిటికీలు తెరిచి పెడుతున్నాం, దోమల జాలీ ఉంది కదా, చాలదా?

జాలీ దోమని ఆపుతుంది గానీ పిల్లని ఆపదు, ఆనుకుంటే ఊడి వచ్చేస్తుంది. కిటికీ 10 సెంటీమీటర్లకి మించి తెరుచుకోకుండా స్టాపర్ గానీ కమ్మీలు గానీ పెట్టించండి. మంచం, కుర్చీ, బొమ్మల పెట్టె కిటికీ దగ్గర్నుంచి జరిపెయ్యండి, బాల్కనీలో కుండీలూ స్టూళ్ళూ కూడా.

టబ్బులో నీళ్ళు పోసి ఆడిస్తే ప్రమాదమా?

పక్కన చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పెద్దవాళ్ళు ఉంటే ఆడించండి, పిల్లలకి అంతకన్నా ఇష్టమైన ఆట ఉండదు. కానీ కొన్ని సెంటీమీటర్ల నీళ్ళు చాలు మునగడానికి, అదీ చప్పుడు లేకుండా జరుగుతుంది, కేకలు వినిపిస్తాయిలే అనుకోకండి. ఫోన్ వస్తే పిల్లని ఎత్తుకునే లోపలికి వెళ్ళండి. ఆట అయ్యాక టబ్బు, బకెట్లు బోర్లించెయ్యాలి.

సెలవులు వస్తున్నాయి, టైమ్‌టేబుల్ వెయ్యాలా?

గంట గంటకీ వద్దు. లేచే టైమ్, మధ్యాహ్నం కాసేపు వెలుతురు తగ్గించి పడుకునే టైమ్, రాత్రి నిద్ర, ఈ మూడూ బడి రోజుల్లో లాగే ఉంచండి, మధ్యలో ఉన్నదంతా వాళ్ళకి వదిలెయ్యండి. బయట ఆట ఎండ ఎక్కక ముందు ఒకసారి, దిగాక ఒకసారి పెట్టుకుంటే మధ్యాహ్నం ఇంట్లో ఉండటానికి వాళ్ళే ఒప్పుకుంటారు. "బోర్ కొడుతోంది" అంటే వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టకండి, పావుగంట ఆగి చూడండి, దిండ్లతో ఇల్లు కట్టడం మొదలుపెడతారు.